ఓ గంటాగి రండి

సారమ్మ గారి గురించి చెప్పాలంటే ముందు నా పరువు కొంత పోతుంది. పోతే పోనివ్వండి. ఏలూరులో నా కంప్యూటర్ రిపేరు కొట్టుకి వచ్చేవాళ్లందరికీ నా కోపం సంగతి తెలుసు, నా తొందర సంగతి అంతకన్నా బాగా తెలుసు. ఇది చదివి కొత్తగా నవ్వేవాళ్లు పెద్దగా మిగల్లేదు.

నా పేరు వెస్లీ. మాది వట్లూరు. సారమ్మ గారూ నేనూ ఒకే చర్చికి వెళతాం. ఆదివారం ఆవిడ మూడో వరసలో కూర్చుంటారు. మిగతా ఆరు రోజులూ కైకలూరు రోడ్డులో ఉన్న శేషగిరి ఆక్వా ల్యాబు గుమ్మంలో, ఒక ఇనుప కుర్చీలో కూర్చుంటారు. కొల్లేటి చుట్టుపక్కల చెరువుల రైతులు సీసాల్లో నీళ్లూ, కవర్లలో రొయ్యలూ పట్టుకొచ్చి పరీక్ష చేయించుకునే చోటది. ఆవిడకి యాభై ఎనిమిదేళ్లు. మెడలో నల్లతాడుకి వేలాడే కళ్లజోడు, చేతిలో క్రోషా సూది, ఒళ్లో తెల్లదారం ఉండ. మిషన్ స్కూల్లో చదువుతోపాటు లేసు అల్లడం కూడా నేర్పిన కాలం ఆవిడది.

ఆవిణ్ణి దాటి నేరుగా లోపలికి వెళ్లిన మనిషి లేడు. అలాగని ఆవిడ నోట "కుదరదు" అన్న మాట విన్న మనిషీ లేడు. మా పక్కవాళ్లకి కాదనడం చేతకాదు కదండీ, నాలుక తిరగదు. కొత్తవాడెవరైనా వచ్చి యజమాని గారున్నారా అని అడిగితే, "ఉన్నారండీ. ఇప్పుడే ఫోన్లో మాట్లాడుతున్నారు. ఎండన పడి వచ్చారు, ముందు మంచినీళ్లు తాగండి. ఓ గంటాగి రండి" అనేవారు. వచ్చినవాడు దండం పెట్టి మరీ వెళ్లిపోయేవాడు. పనున్నవాడైతే గంటకి తిరిగొచ్చేవాడు. ఫినాయిలు అమ్మేవాడు, క్యాలెండర్లు అంటగట్టేవాడు, ఇన్సూరెన్సు చేయించుకోమని ప్రాణం తీసేవాడు మాత్రం పక్క ఆఫీసుకి పోయేవారు. మళ్లీ కనపడేవారు కాదు.

ఆవిడ పక్కన స్టూలు మీద ఒక నోటు పుస్తకం ఉండేది. అందులో పేర్లు రాసి, కొన్నిటికి టిక్కులు పెట్టేవారు. ప్రార్థన విన్నపాల పుస్తకం అనుకున్నాను. మా చర్చిలో ఆడవాళ్లందరి దగ్గరా అలాంటిది ఒకటుంటుంది. ఏం పుస్తకమని అడిగానా అంటే అడగలేదు. అడిగే అలవాటే ఉంటే నేను ఇన్ని తిప్పలు పడేవాణ్ణి కాదు.

ల్యాబు యజమాని పాండురంగారావు గారిది తాడేపల్లిగూడెం. వాళ్ల నాన్నగారు శేషగిరిరావు గారు అక్కడ ఉల్లిపాయల టోకు వ్యాపారం చేసి, ఆ తర్వాత ఏలూరొచ్చి ఈ ల్యాబు పెట్టారు. ఆయన పోయాక కొడుకు చూసుకుంటున్నారు. మొన్న వేసవిలో ల్యాబులో పనిచేసే ఒకాయన ఉద్యోగం మానేసి పోతూ పోతూ ఆఫీసు మెయిలు పాస్‌వర్డు కూడా పట్టుకుపోయాడు. రెండేళ్ల రిపోర్టులు అందులో చిక్కుకుపోయాయి. పాండురంగారావు గారు నన్ను పిలిపించారు.

"చూడు వెస్లీ, ఎన్నాళ్లని పక్కింటి బావిలో తోడుకుంటామయ్యా? మన పెరట్లోనే ఒకటి తవ్వు" అన్నారు. అంటే ల్యాబు మెయిళ్లు ల్యాబు మిషన్లోనే ఉండాలి, ల్యాబు పేరుతోనే పోవాలి. సొంతంగా ఒక మెయిల్ సర్వరు. అదీ పని.

ఆయన కొడుకు రాజకుమార్‌కి ఇంకో ముచ్చట ఉంది. చెరువు నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో చూసే డబ్బాలు ఆరు తెప్పించి, ఆరుగురు రైతుల చెరువుల్లో పెట్టించాడు. ఆక్సిజన్ తగ్గితే రొయ్యకి ఊపిరాడదు. వెంటనే ఏరియేటర్లు, అంటే నీళ్లు చిలికే చక్రాలు, తిప్పాలి. ఆలస్యమైతే చెరువు చెరువంతా తేలిపోతుంది. ఆక్సిజన్ తగ్గగానే డబ్బా తనలో ఉన్న సిమ్ కార్డు మీద మన సర్వరుకి ఒక మెయిలు కొడుతుంది, అది గుమ్మంలో ఉన్న కంప్యూటర్లో కనపడుతుంది, సారమ్మ గారు రైతుకి ఫోను చేస్తారు. ఏర్పాటు బాగానే ఉంది.

ఆ మాటల్లోనే రాజకుమార్ ఇంకోటి కూడా అన్నాడు. "మెయిలు నడిచాక గుమ్మంలో మనిషెందుకు నాన్నా? ఎవరికి పనున్నా మెయిల్లో అడుగుతారు. ఆ ఫోన్లు కూడా మిషనే చేసేట్టు నేను చూస్తాను. జూలై నెలాఖరుకి ఆ కుర్చీ తీసేసి నీళ్ల సీసాల ర్యాకు వేయించేద్దాం."

పాండురంగారావు గారు తల గోక్కుని "చూద్దాంలే" అన్నారు. మా పక్క "చూద్దాంలే" అని బయటివాడితో అంటే కాదని, కొడుకుతో అంటే సరేనని.

మధ్యనున్నది పల్చటి అద్దం గోడ. గుమ్మంలో క్రోషా సూది ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలింది. నేను బయటికి రాగానే ఆవిడ తలెత్తకుండానే అన్నారు. "నాకు వినపడింది బాబూ. నువ్వు మొహం అలా పెట్టుకోకు. నీ పని నువ్వు చేసుకో."

చిన్నప్పుడు సండే స్కూల్లో నాకు వాక్యాలు నేర్పిన మనిషి. ఆవిడ కుర్చీ లాగేసే మిషన్ని నా చేతుల్తో నేనే బిగించాలి. ఏం ఖర్మరా నాయనా అనుకుంటూ స్క్రూడ్రైవర్ తీశాను.

స్టోరు గదిలో ఒక పాత కంప్యూటరుని సర్వరు చేశాను. నీళ్ల శాంపిళ్లు పెట్టే ఫ్రిజ్ మీద రూటరు కూర్చోబెట్టాను. రెండో రోజుకల్లా మెయిళ్లు నడిచాయి. పాండురంగారావు గారి బల్ల నుంచి రాజకుమార్ బల్లకి, అక్కణ్నుంచి ల్యాబులోకి, ల్యాబు నుంచి మళ్లీ ఆయన బల్లకి. ఆయన పొంగిపోయి అందరికీ పూతరేకులు పంచారు. "టీ తాగారా" అని పక్క గదిలో మనిషికి మెయిలిచ్చి, చూశాడో లేదో అని లేచి వెళ్లి అడిగి వచ్చేవారు. రెండు రోజులు ఊళ్లో నాకన్నా మొనగాడు లేడనుకున్నాను.

మూడో రోజు తాడేపల్లిగూడెం నుంచి ఆయన బావమరిది ఫోను చేసి, మూడు మెయిళ్లు పంపాను, ఒక్కదానికీ జవాబు లేదేం బావా, మీ ఇంటికి రావద్దనా అని నిష్ఠూరమాడాడు. అప్పుడు తెలిసింది, బయటి నుంచి ఒక్క మెయిలూ రాలేదని. నేను ఇంటర్నెట్ లైను వాళ్లకి ఫోను చేసి అరిచాను. మా లైను బాగానే ఉందండీ అంటే ఇంకా అరిచాను. నా అరుపులన్నీ విని సారమ్మ గారు నెమ్మదిగా అడిగారు.

"బాబూ, వచ్చే మెయిలు ముందు ఎక్కడికొస్తుంది?"

"రూటర్ దగ్గరికాంటీ. బయటికి కనపడేది అదొక్కటే. లోపల పది మిషన్లున్నా బయటివాళ్లకి తెలీవు."

"మరి ఏది ఏ గదిలోకి పంపాలో దానికి చెప్పావా? గుమ్మంలో మనిషికి చెప్పకపోతే వచ్చినోడు వచ్చినట్టే పోతాడు కదా."

చెప్పలేదు. మెయిలు వస్తే స్టోరు గదిలో మిషనుకియ్యి అని రూటర్లో రాయాల్సిన ఒక్క లైను రాయడం మర్చిపోయాను. రెండు రోజులూ లోపల్లోపలే మెయిళ్లాడించి పూతరేకులు తిన్నాం. ఆ లైను రాశాను. లైను వాళ్లకి ఫోను చేసి సారీ చెప్పాలి. ఇంకా చెప్పలేదు.

తర్వాత వారం ఇంకో వింత. రోజూ మధ్యాహ్నం రెండింటికి మెయిలు ఆగిపోయేది. సాయంత్రం నాలుగింటికి దానంతటదే లేచేది. వైర్లు మార్చాను. కరెంటు వాళ్లని తిట్టాను. చివరికి నాలుగో రోజు భోజనాల వేళ ఫ్రిజ్ దగ్గరికి వెళితే రూటరు లేదు. దాని చోట తెల్లటి లేసు టోపీ ఒకటి ఉంది. ఎత్తి చూస్తే కింద రూటరు, అట్ల పెనంలా కాలిపోతోంది.

"దాని దీపాలు కళ్లు మిటకరిస్తున్నాయి బాబూ" అన్నారు సారమ్మ గారు. "భోజనం దగ్గర ప్రార్థన చేసుకుంటుంటే నన్నే చూస్తున్నట్టుంటుంది. అందుకని కాసేపు ముసుగేస్తాను. నాలుగింటికి తీసేస్తానులే."

వట్టి లేసయితే గాలాడేది. లోపల పాత దుప్పటి లైనింగు కూడా కుట్టారు. నా ఒళ్లు మండిపోయింది. కానీ ఎలా తిట్టను? రూటరు కొలతలు సరిగ్గా తీసి, రెండు యాంటెన్నాలకీ రెండు కన్నాలు వదిలి, అంచున గులాబీలల్లారు. లైనింగు తీయించి, ముసుగు సాయంత్రం ఆఫీసు మూసేముందు వేసుకోమని రాజీకొచ్చాను. నిజం చెప్పాలంటే చూడ్డానికి బాగుంది.

అక్కడితో ఆగినా బాగుండేది. జూలై మొదటి వారానికి సర్వరు సంగతి లోకమంతా పొక్కింది. పిలవని పేరంటానికి తగలబడ్డట్టు రోజుకి వేల మెయిళ్లు. మీకు లాటరీ తగిలిందని ఒకడు, ఎవరో రాకుమారి మీ పేర ఆస్తి రాసిందని ఒకడు, బట్టతల మీద జుట్టు మొలిపిస్తామని ఒకడు. పాండురంగారావు గారు ఆ బట్టతల మెయిలొక్కటి విడిగా దాచమన్నారు. మిగతావాటి మధ్య రైతుల మెయిళ్లు ఎక్కడున్నాయో వెతుక్కోవడానికే ల్యాబులో ఇద్దరికి పొద్దు గడిచేది. నేను తెలివిగా, "ఉచితం" అన్న మాటున్న మెయిలల్లా చెత్తబుట్టలో వెయ్యమని సర్వరుకి చెప్పాను. ఆ వారమే ల్యాబువాళ్లు ఉచిత నీటి పరీక్షలు ప్రకటించారు. రైతులు రాసిన మెయిళ్లన్నీ బుట్టలో పడ్డాయి.

రాజకుమార్ వచ్చి, అరవలేదు. అరిస్తే బాగుండేది. "శనివారం దాకా చూస్తానండీ. అప్పటికీ ఇలాగే ఉంటే విజయవాడ నుంచి వేరే వాళ్లని పిలుస్తాను" అని మెల్లగా అన్నాడు. మా ఊళ్లో ఒక ఆఫీసులో పేరు పోతే సాయంత్రానికి పవర్‌పేట దాకా తెలుస్తుంది. నేను అన్నం తినకుండా స్టోరు గదిలో తలపట్టుకు కూర్చున్నాను.

సారమ్మ గారు క్యారేజీ పట్టుకుని లోపలికొచ్చారు. ఎండు రొయ్యలూ వంకాయా కూర. మూతలో నాకు పెట్టి, ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"ఇన్ని వేల మంది లోపలికెలా వచ్చేస్తున్నారు బాబూ?"

"తలుపు తడితే తియ్యడమే కదాంటీ సర్వరు పని."

"ఏంటీ, వచ్చినోణ్ణి వచ్చినట్టు లోపలికి పంపేస్తుందా? మొదటిసారి వచ్చినోడికి కాసేపాగి రమ్మని చెప్పదూ?"

నేను ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాను.

"నేను పనిలో చేరినప్పుడు ఏమైందో తెలుసా నీకు" అన్నారు ఆవిడ, కూర ఇంకొంచెం వేస్తూ. "మా ఆయన చనిపోయిన ఏడాది. ఎలీయాజరు పాస్టరు గారు ఉత్తరం రాసిస్తే పట్టుకుని శేషగిరిరావు గారి దగ్గరికొచ్చాను. అప్పట్లో నేనుండేది కొల్లేటి అవతల. రెండు బస్సులు మారాలి. ఆయన ఉత్తరం చూసి, రేపు రా అమ్మా అన్నారు. రేపొచ్చాను. మళ్లీ రేపు రమ్మన్నారు. అలా పది రోజులు. పదకొండో రోజు కూడా వచ్చి నిలబడితే, ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, రేపట్నించి రా అన్నారు. గుమ్మంలో కూర్చోబెట్టి ఒకటే చెప్పారు. పనున్నోడు మళ్లీ వస్తాడమ్మా, లేనోడు రాడు, నువ్వు ఎవర్నీ కాదనకు, ఆగి రమ్మను."

నేను ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే లేచాను. సర్వర్లో వెతికితే సరిగ్గా అలాంటి సదుపాయమే ఉంది. ముక్కూమొహం తెలియనివాడెవడైనా మొదటిసారి మెయిలు తెస్తే, ఇప్పుడు కాదు, కాసేపాగి రా అని చెప్పి పంపించడం. నిజమైన మెయిల్ సర్వరు పావుగంటాగి మళ్లీ తలుపు తడుతుంది, అప్పుడు లోపలికి రానిస్తారు. చెత్త పంపేవాడికి వెయ్యిళ్లు తిరిగే తొందర, రెండోసారి రాడు. సర్వర్లు నడిపేవాళ్లకి ఇది ఎప్పట్నించో తెలుసుట. ఏలూరులో ఒక్క నాకే తెలీదు.

"ఆంటీ, బంగారం మీరు!" అని కీబోర్డు మీదకి వంగి, టక్కున వేళ్లాపాను. "కానీ ఇది పనిచేస్తే మీ కుర్చీ పోతుంది."

"పనిచెయ్యకపోతే నీ పేరు పోతుంది కదా" అన్నారు ఆవిడ, క్యారేజీ గిన్నెలు సర్దుకుంటూ. "నీకింకా పిల్లలు చిన్నవాళ్లు. నా కుర్చీ సంగతి దేవుడు చూసుకుంటాడు. అయితే బాబూ, ఇంకోటి కూడా..."

నేను వినలేదు. అప్పటికే మీటలు నొక్కేస్తున్నాను. ఆవిడ కాసేపు నిలబడి, వెళ్లిపోయారు.

మర్నాటికి వేల మెయిళ్లు పదుల్లోకి వచ్చాయి. రాకుమారి లేదు, లాటరీ లేదు. పాండురంగారావు గారు మళ్లీ పూతరేకులు తెప్పించారు. రాజకుమార్ నా భుజం తట్టి, "ఇంక నెలాఖరుకి ర్యాకు చెప్పేస్తాను" అని వడ్రంగికి నా ముందే ఫోను చేశాడు. వడ్రంగి వచ్చి సారమ్మ గారిని లేచి నిలబడమని, కుర్చీ ఉన్న చోట టేపు పెట్టి కొలుచుకుని వెళ్లాడు. ఆవిడ టేపు రెండో కొస పట్టుకుని సాయం చేశారు. నాకు ఆ పూతరేకు నోట్లో కరగలేదు.

నెలాఖరు ఇంకో నాలుగు రోజులుందనగా ముసురు పట్టింది. మూడు రోజులు సూర్యుడి మొహం లేదు. మబ్బు పడితే చెరువులో ఆక్సిజన్ తగ్గుతుందని మా పక్క చిన్నపిల్లలకీ తెలుసు. నేను ఏదో పనిమీద ల్యాబులోనే ఉన్నాను. పొద్దున్న పదిన్నరైంది.

సారమ్మ గారు కంప్యూటరు వైపు చూసి, బయట మబ్బు వైపు చూసి, అద్దం గదిలోకి వెళ్లారు. "బాబుగారూ, మబ్బేసి మూడ్రోజులైంది. కృపావరం చెరువు నుంచి కబురు రాలేదేంటండీ?"

కృపావరం కైకలూరు అవతల చిన్న రైతు. ఆరు డబ్బాల్లో ఒకటి ఆయన చెరువులో ఉంది. ఇంకో వారంలో పట్టుబడి, రొయ్యలు పట్టి అమ్మే రోజు.

"రాలేదంటే బాగున్నట్టే కదా సారమ్మా" అన్నాడు రాజకుమార్, ఫోనులోంచి తలెత్తకుండా.

"కిందటి నెల్లో ఒక్క పూట మబ్బేస్తేనే రెండుసార్లొచ్చిందండీ. ఆ చెరువు లోతు తక్కువ. పని లేనోడు రాకపోవడం వేరు, రావల్సినోడు రాకపోవడం వేరండీ."

"మిషను కదా, అది చూసుకుంటుంది."

ఆవిడ వాదించలేదు. బయటికొచ్చి కుర్చీలో కూర్చుని ఫోను తీశారు. కృపావరం ఎత్తలేదు. మళ్లీ చేశారు, ఎత్తలేదు. నోటు పుస్తకం తిరగేసి వాళ్లావిడ వరమ్మ నంబరు పట్టుకున్నారు.

"వరమ్మా, నేను ల్యాబు సారమ్మని. మీ ఆయనేడి?... మేత కోసం ఆకివీడు వెళ్లాడా? నువ్వొకసారి గట్టు మీదకెళ్లి చూడమ్మా. ఫోను పెట్టెయ్యకు, పట్టుకునే వెళ్లు."

ఆవిడ స్పీకరు నొక్కారు. వరమ్మ పరుగు, ఆయాసం, బురదలో కాళ్ల చప్పుడు గుమ్మమంతా వినపడ్డాయి. ఉన్నట్టుండి కేక. "ఓలమ్మో! రొయ్యలన్నీ గట్టుకొచ్చేశాయండీ! మూతులు పైకెట్టేశాయండీ! అయిపోయిందండీ సారమ్మ గారూ, అయిపోయింది!"

"ఏమీ అయిపోలేదు. ఏడవకు. కరెంటుందా? లేదా? జనరేటరు తిప్పు. ముందు మంచెవైపు చక్రాలెయ్యి. అవతలివి తర్వాత. నేనిక్కడే ఉన్నాను, నువ్వెళ్లు."

రాజకుమార్ గదిలోంచి వచ్చి మా వెనక నిలబడ్డాడు. చాలాసేపటికి ఫోనులో జనరేటరు దగ్గింది, పట్టుకుంది, ఆ వెనకే చక్రాలు నీళ్లు చిలుకుతున్న హోరు. సారమ్మ గారు అప్పుడు కళ్లు మూసుకున్నారు. ప్రార్థన చేశారో, ఊపిరి పీల్చుకున్నారో నాకు తెలియదు.

నేను స్టోరు గదికి పరిగెత్తి, ఎవరెప్పుడు వచ్చారో రాసుకునే సర్వరు చిట్టా తెరిచాను. ఉంది. తొమ్మిదీ యాభై రెండుకి కృపావరం డబ్బా వచ్చి తలుపు తట్టింది. సిమ్ కార్డు మీద వచ్చేదానికి ప్రతిసారీ కొత్త ఇంటర్నెట్ నంబరు, అందుకని సర్వరుకి అది ముక్కూమొహం తెలియనిదే. ఇప్పుడు కాదు, కాసేపాగి రా అంది. డబ్బాకి ఒక్కసారి చెప్పడమే వచ్చు. చెప్పి వెళ్లిపోయింది. పదకొండు రోజులుగా ఆరు డబ్బాల్లో ఏది వచ్చినా నేను గుమ్మంలోంచే పంపించేస్తున్నాను. ముసురు పట్టేదాకా ఎండలు కాశాయి కనక అవసరం పడక ఎవరికీ తెలియలేదు.

ఆ చిట్టా ప్రింటు తీసి తెచ్చి ఇద్దరి ముందూ పెట్టాను. తప్పు నాదేనని చెప్పాను. నా నోటంట ఆ మాట రావడం నాకే కొత్త.

"ఇంకోటి చెప్పబోయాను కదా బాబూ, ఆ రోజు" అన్నారు సారమ్మ గారు. "మొదటి సగం వినగానే పరిగెత్తావు." స్టూలు మీది నోటు పుస్తకం నా చేతిలో పెట్టారు.

ప్రార్థన విన్నపాలు కావవి. ఆగి రమ్మన్నవాళ్ల పేర్లు. తిరిగొచ్చినవాళ్లకి టిక్కు. టిక్కు లేనివాళ్లలో కొందరికి పక్కన ఫోను నంబరు, తారీకు, "మాట్లాడాను" అన్న ముక్క.

"పనున్నోడు మళ్లీ వస్తాడన్నారు పెద్దాయన. నేనూ అలాగే నమ్మాను. పదేళ్ల కిందట ఈ కృపావరమే మొదటిసారి వచ్చాడు, కవర్లో చచ్చిపోతున్న రొయ్యలు పట్టుకుని. ఓ గంటాగి రమ్మన్నాను. నోట్లో నాలుక లేని మనిషి. మళ్లీ అడగడానికి మొహమాటపడి బస్సెక్కి వెళ్లిపోయాడు. ఆ పంట పోయింది. తర్వాత తెలిసి నేను రెండు రోజులు అన్నం తినలేకపోయాను బాబూ." ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "ఆగి రమ్మనడం ఎవరైనా అంటారు. రానోడు ఎందుకు రాలేదో సాయంత్రానికి కనుక్కోవాలి. అది రెండో సగం."

రాజకుమార్ ఆ ప్రింటు కాయితం తీసుకుని లోపలికి వెళ్లాడు. సాయంత్రం కృపావరం ఫోను చేశాడు. చక్రాలకి దూరంగా ఉన్న మూల కొంత పోయిందనీ, మిగతా చెరువు నిలబడిందనీ చెప్పి, ఫోనులో గట్టిగా ఏడ్చాడు.

నేను ఆ పూటే ఆరు డబ్బాల్నీ వాటి పేర్లతో గుర్తుపట్టి నేరుగా లోపలికి రానివ్వమని సర్వరుకి రాశాను. ఇంకో పని కూడా చేశాను. ఆగి రమ్మంటే తిరిగి రానివాటి జాబితా రోజూ పొద్దున్నే దానంతటదే ప్రింటయ్యేట్టు పెట్టాను. అది సారమ్మ గారి స్టూలు మీదకి వెళుతుంది. ఆవిడ పేర్ల మీద పెన్సిలు కిందికి జరుపుకుంటూ పోతారు. "ఇదెవరో అత్తిలి నుంచి రాసినట్టున్నారు బాబూ, ఈయన పాపం ఆగి రాలేకపోయాడు, కనుక్కో" అంటారు. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఆవిడ మాటే నిజం.

నెలాఖరు శనివారం రానే వచ్చింది. వడ్రంగి చేసిన ర్యాకు ఆటోలో వచ్చి వరండాలో నిలబడింది. సారమ్మ గారు పొద్దున్నే సూదీ దారం సంచిలో సర్దుకుని, రూటరు ముసుగు నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చారు. "నువ్వే ఉంచు బాబూ. ఇంట్లో నీ రూటరుకి వేసుకో." తర్వాత మామూలుగా కుర్చీలో కూర్చుని జాబితా ముందేసుకుని, ఎవరో రైతుతో ఫోన్లో మాట్లాడుతున్నారు.

రాజకుమార్ వచ్చి ఆవిడ ముందు నిలబడ్డాడు. "సారమ్మ గారూ, మీతో మాట్లాడాలి."

ఆ "గారు" నేను ఆయన నోట మొదటిసారి విన్నాను. ఆవిడ మాత్రం విన్నారో లేదో, ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, అందరితో అన్నట్టే అనేశారు.

"చెప్తానండీ. ఈయన చెరువు నీళ్లు పచ్చబడ్డాయిట, పాపం కంగారుపడుతున్నాడు. మీరు ఓ గంటాగి రండి."

రాజకుమార్ వెనక్కి తిరిగి తన గదిలోకి వెళ్లిపోయాడు. నేను స్టోరు గది తలుపు చాటునుంచి గడియారం చూస్తూ కూర్చున్నాను. సరిగ్గా నలభై నిమిషాలకి ఆయన మళ్లీ వచ్చి అదే చోట నిలబడ్డాడు.

ఆవిడ ఫోను పెట్టేసి, నోటు పుస్తకం తీసి టిక్కు పెట్టారు. నా కళ్లారా చూశాను, రాజకుమార్ బాబు అని రాసుంది. "వచ్చారా. చెప్పండి బాబుగారూ."

చేతులు కట్టుకుని నిలబడ్డ ఆ మనిషిని చూస్తే, ఉత్తరం పట్టుకుని పదకొండు రోజులు ఇదే గుమ్మంలో నిలబడ్డ ఇంకో మనిషి గుర్తొచ్చింది నాకు.

"ర్యాకు వరండాలోనే ఉంచేద్దామండీ" అన్నాడు. "సోమవారం నుంచి కూడా రండి."

సారమ్మ గారు సంచిలోంచి క్రోషా సూది తీసి, దారం ఉండ ఒళ్లో వేసుకున్నారు. తర్వాత నా వైపు చెయ్యి చాపారు.

"ముసుగిలా ఇవ్వు బాబూ" అన్నారు.